మహావీరాచార్యుని అంకెల హారము

క్రీ.శ. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున కన్నడ దేశమందు వర్ధిల్లిన జైన గణితవేత్త మహావీరాచార్యుడు. ఆయన సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. మూలగ్రంథమందలి గుణకారపు లెక్కలలో ఒకటి మిక్కిలి చూడదగినది. 27994681ని 441చే గుణింపవలెను. లబ్ధము 12345654321.

పలికినచో ఇది వేయిన్ని రెండువందల ముప్పదినాలుగు కోట్లకు పైమాట. అంకెలు ఒకటి మొదలు ఆరు వరకు ఎక్కి, అట్లే ఒకటికి దిగినవి. ఎటునుండి చదివినను ఒకటే సంఖ్య. ఇట్టి లబ్ధములను ఆచార్యుడు కంఠాభరణములతో పోల్చినాడు. ఇది అందమునకు మాత్రమే కాదు కాబోలు. శిష్యుడు ఒక్క అంకె తప్పినను హారము చెడును; గురువు మరల గుణించి చూడనక్కరలేదు.

హారము కూర్చిన విధము తెలిసికొనుట కష్టము కాదు. 441 అనునది 21 యొక్క వర్గము. 27994681 అనునది 5291 యొక్క వర్గము. 21ని 5291చే గుణించిన 111111 వచ్చును. కావున మన సంఖ్య ఆరు ఒకట్ల వర్గమే. కాగితముపై గుణించి, ఒక్కొక్క వరుసను ఒక్కొక్క స్థానము జరిపి వ్రాసినచో నడిమి నిలువున ఆరు ఒకట్లు, దానికి ఇరుప్రక్కల అయిదేసి, ఆపై నాలుగేసి కనబడును. తొమ్మిది ఒకట్ల వరకు ఈ పద్ధతి చెల్లును. పది ఒకట్లయినచో నడుమ పది వచ్చి, ప్రక్క స్థానమునకు ఒకటి పోవును. హారము తెగి 1234567900987654321 అగును.

111111ను విడదీసిన 3, 7, 11, 13, 37 అను అయిదు ప్రధాన సంఖ్యల లబ్ధమగును. అందుచే మన సంఖ్యకు భాజకములు 243. తనను విడిచి తక్కిన 242 భాజకములను కూడినచో 13029870672, అనగా సంఖ్యకంటె మొత్తమే పెద్దది! బేసి సంఖ్యలలో ఇట్టివి తక్కువ. వానిలో అన్నిటికంటె చిన్నది 945.

వర్తకునకు దీనిలో పనికివచ్చునవి 9, 11 అను రెండు భాజకములు. అంకెలన్నియు కూడిన 36. కనుక 9చే నిశ్శేషముగా భాగింపబడును. ఒకటి విడిచి ఒకటి కూడిన ఒక ప్రక్క 18, రెండవ ప్రక్క 18. జమాఖర్చులు సరిపోయినట్లే! కనుక 11చే కూడ భాగింపబడును.

ఇపుడు నడుమ 56ను 65గా తారుమారు చేసి 12346554321 అని వ్రాయుడు. అంకెల మొత్తము మారలేదు గనుక 9 పరీక్ష మోసపోవును. 11 పరీక్షలో మాత్రము 19, 17 వచ్చి తప్పు బయటపడును. ప్రక్కప్రక్క నున్న రెండు వేరువేరు అంకెలు ఎక్కడ తారుమారైనను 11 పట్టుకొనును.

లెక్కల యంత్రము కూడికలో తప్పదు గాని, తప్పు వ్రాసి యిచ్చిన అంకెను అట్లే కూడును. చిట్టాలో 7540 ఉండగా ఆవర్జాలో 7450 పడినదనుకొందము. తేడా 90. ప్రక్క అంకెల తారుమారు వలన వచ్చు తేడా ఎల్లప్పుడు 9చే భాగింపబడును. కావున ఖాతాలు కలియనపుడు కూడికలు మరల మొదలుపెట్టక, ముందు తేడాను 9చే భాగించి చూడవలెను. శేషము లేనిచో చిట్టాను, ఆవర్జాను ఎదురెదురుగ పెట్టుకొని తిరుగబడిన అంకెలకై వెదకవలెను.