ఆళ్లగడ్డ నుంచి అమెరికా: కిలోమీటర్లు వేరు, గంటలు వేరు

మా ఆళ్లగడ్డ, నంద్యాల వైపు చాలా ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉంటున్నారు. విమానం ఎక్కామని ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి దిగామని చెప్పేదాకా ఇంట్లో అమ్మకు ముద్ద దిగదు. "ఎంత దూరం నాయనా, ఎన్ని గంటలు?" అని ఇంజనీరింగ్ చదివే మనల్నే అడుగుతారు. అందుకే ఈ లెక్క.

ఉదాహరణకు శాన్ ఫ్రాన్సిస్కో-బెంగళూరు తీసుకుందాం. 2021 జనవరి 9న ఎయిరిండియా ఈ దారిలో మొదటి నాన్‌స్టాప్ విమానం నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో సహా కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు.

ముందు దూరం. గోడ మీది మ్యాపులో స్కేలు పెట్టి కొలవకండి. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. ఆ దారం సైబీరియా ఉత్తర తీరం దగ్గరగా పోతుంది. పొడవు సుమారు 13,990 కి.మీ. ఇదే అతి దగ్గర దారి.

మరి ధ్రువం మీదుగా వస్తే? దీనికి కూడికలు, తీసివేతలు చాలు. శాన్ ఫ్రాన్సిస్కో అక్షాంశం 37.6 డిగ్రీలు, బెంగళూరు విమానాశ్రయానిది 13.2. ఒక్కోదాన్ని 90 నుంచి తీసేస్తే 52.4, 76.8. రెండూ కలిపితే 129.2 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున దాదాపు 14,370 కి.మీ. అంటే ఎక్కువయ్యేది 380 కి.మీ. మాత్రమే. గంటకు 900 కి.మీ. వేగంతో పోయే విమానానికి అది అరగంట కూడా కాదు. ఎదురుగాలి తప్పినా, వెనకగాలి దొరికినా ఆ అరగంట తిరిగొచ్చేస్తుంది. దగ్గర దారే త్వరగా చేర్చే దారి కానక్కర్లేదు.

ఇక సమయం. ఆ విమానానికి ప్రకటించిన వేళలు ఇవి: 9వ తేదీ రాత్రి 8:30కి బయలుదేరి, 11న తెల్లవారుజామున 3:45కి చేరడం. ఉన్నదున్నట్టు తీసేస్తే 31 గంటల పావు! ఇంట్లో వాళ్లు హడలిపోయేది ఇక్కడే. చలికాలంలో అక్కడి గడియారం మనకంటే 13:30 గంటలు వెనక. కాబట్టి బయలుదేరింది మన 10వ తేదీ ఉదయం 10 గంటలకు. అసలు ప్రయాణం 17:45 గంటలే. అక్కడ వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా 12:30 అవుతుంది.

చివరగా మన ఊరి లెక్క. మనకు దగ్గర్లో ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది గానీ, అమెరికా విమానం కావాలంటే బెంగళూరో హైదరాబాదో పోవాల్సిందే. ఆళ్లగడ్డ నుంచి బెంగళూరు విమానాశ్రయానికి గీత గీస్తే 230 కి.మీ.; రోడ్డు ఇంకా ఎక్కువ. మూడు గంటల ముందే అక్కడ ఉండాలి కూడా.

అందుకే అమ్మకు చెప్పేటప్పుడు టికెట్ మీది టైమ్ చదవకండి. రెండు వేళలూ మన టైమ్‌లోకి మార్చి, రోడ్డు గంటలు కలిపి, "రేపు పొద్దున ఇన్నింటికి ఇంట్లో ఉంటుంది" అని చెప్పండి. ఆమెకు కావాల్సిన జవాబు అదొక్కటే.