లైబ్రరీ రాస్తున్న బిడ్డకు

వనపర్తి

బిడ్డా,

నువ్వు పంపిన లైబ్రరీ మొత్తం చదివిన. మొన్నమొన్న పైథాన్ పట్టుకున్న పిల్లలకు కూడా ఊరి పేర్లు పోల్చే పని ఒక్క ఫంక్షన్‌తో అయిపోవాలని నీ పట్టు. నీ జోడీదారేమో సగం ఫంక్షన్లు తీసెయ్యమంటున్నడు. మీ కొట్లాటంతా ఎన్ని ఉండాలె అన్నదాని మీదనే. నేనైతే ఏ ఫంక్షన్ చెప్పకుండ ఏం చేస్తున్నదో చూస్త.

నాగర్‌కర్నూల్ సంగతే తీసుకో. నడుమ కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టి టైప్ చేస్తే పైథాన్ లెన్ 13 అంటది. అది పెట్టడం మరిచిన ఫైల్‌లో 12. రెండూ ఒకటి కావంటది. యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చేసినా ఆ గుర్తు పోదు. నీ ఫంక్షన్ దాన్ని సప్పుడు చెయ్యకుండ తీసేస్తున్నది. పోలిక కుదిరింది గాని, తీసేసిన పేరునే తిరిగి ఇస్తున్నది. ఎవరన్న దాన్ని అచ్చేస్తే ర కింద క వత్తు పడి ‘నాగర్కర్నూల్’ అయితది. పోల్చేటప్పుడు తీసెయ్, తప్పులేదు. వాళ్లిచ్చిన పేరును మాత్రం ముట్టకు.

గద్వాల దగ్గర నేను నీ దిక్కే. పిల్లలు మూడక్షరాలంటరు, లెన్ 6 అంటది. అక్షరాలు లెక్కపెట్టే ఫంక్షన్ ఉండాల్సిందే. అది తీసేస్తే ఎవరికి వాళ్లు ఓ వంకర లెక్క రాసుకుంటరు. చిన్నగుంటే చాలనేవాళ్లకు 2016 మార్చి గుర్తుచెయ్: 11 లైన్ల లెఫ్ట్‌ప్యాడ్ ప్యాకేజీని రాసినాయన జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎం నుంచి తీసేస్తే ఎన్ని ప్రాజెక్టులు ఆగినయో.

2011లో వచ్చిన రిక్వెస్ట్స్ లైబ్రరీని చూడు. ఇప్పటికీ పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీలో లేదు, కింద యూఆర్ఎల్‌లిబ్3 మోస్తున్నది. పైన వాడకం ఎంతో సులువు. కాని టైమౌట్ చెప్పకపోతే అవతలి సర్వర్ పలికేదాక ఆగుతనే ఉంటది. కొత్తవాళ్లకు ఆ సంగతి ప్రోగ్రామ్ బిగుసుకుపోయినంక తెలుస్తది. సులువు పేరుతోటి దాచిన నిర్ణయం అంటే ఇదే.

అందుకని రెండు ఫైళ్లు చెయ్. కింది దాంట్ల అక్షరాలు విడగొట్టుడు, ఎన్ఎఫ్‌సీ, పోలిక కీ — అంతే. పై దాంట్ల నీ సులువు ఫంక్షన్లు, కింది మూటితోనే రాయాలె, దొంగదారులు వద్దు. పై ఫైల్ తీసేసి టెస్టులు నడిపి చూడు, కిందిది నడవాలె. సులువు ఫంక్షన్ ఒక్కోటి నాలుగైదు లైన్లు దాటొద్దు. పాలిటెక్నిక్ పిల్ల దాన్ని తెరిచి, చదివి, తనకు కావల్సినట్టు మార్చుకోగలగాలె.

రీడ్‌మీలో మొదటి ఉదాహరణ గద్వాల పెట్టు, రెండోది నాగర్‌కర్నూల్. టైప్ చేసేటప్పుడు ఆ గుర్తు మరువకు.

మీ పెద్దనాయిన