మూగబోయిన తీగ
(సంగీత పరిచర్య చేయువారికి పాఠము)



పాఠమునకు ముందు 1 కొరింథీ 14:7, 8 వచనములు చదువుకొనుడి. వాద్యము స్పష్టముగా పలుకకపోతే వినువారికి ప్రయోజనము లేదని పౌలు అక్కడ బోధించుచున్నాడు.

ఆదివారము ఆరాధనలో బేస్ గిటారు నాలుగు తీగలలో మూడు నిండుగా పలుకును. ఒకటి మాత్రము తడిబట్ట కప్పిన డప్పువలె దబ్బుమని ఆగిపోవును. అప్పుడు సంఘములో రెండు మాటలు పుట్టును. వాయించు పిల్లవానికి చేతకాదని ఒకటి. కొత్త గిటారుకు కానుక పట్టవలెనని మరియొకటి. ఆ రెండింటికి ముందు పది నిమిషములు పరీక్షించుట మేలు.

తీగ ఎందుకు మూగబోవును?

బేస్ తీగ ఒంటి తీగ కాదు. లోపల ఉక్కు తీగ, దానిపైన మరియొక తీగ చుట్టబడి ఉండును. అన్నిటికంటె లావైన ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు, ఎ తీగ 55, డి తీగ 73, జి తీగ 98 సార్లు కంపించును. ఆ మూలనాదముతోబాటు పుట్టు పై నాదములే తీగకు స్పష్టతనిచ్చును. చెమట, చమురు, ధూళి చుట్ల సందులలో చేరినప్పుడు ఆ పై నాదములు అణగిపోవును. జిగణిలో రాతిపలకలు కోసి పాలిష్ పెట్టు ఫ్యాక్టరీలు అనేకము. పనినుండి నేరుగా ప్రాక్టీసుకు వచ్చు యౌవనులు చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకొని గిటారు పట్టవలెను. వాయించిన తరువాత పొడిగుడ్డతో తీగలు తుడువవలెను.

అయితే మురికి నాలుగు తీగలకును పట్టును. ఒక్కటే మూగబోయినయెడల వేరొక కారణము వెదకవలెను.

పరీక్షించు క్రమము

1. యాంప్లిఫయరు తీసివేసి, గిటారు చెక్కకు చెవి ఆనించి తీగ మీటుడి. అప్పుడు బాగుగా పలికినయెడల తీగలో దోషము లేదు. పికప్ ఆ ప్రక్క దిగిపోయినదేమో చూచి, స్క్రూతో కొద్దిగా పైకి లేపుడి. మరీ దగ్గరైతే అయస్కాంతము తీగను లాగి నాదమును చెరచును.

2. తీగను వేలు పెట్టకుండ ఒకసారి, ఫ్రెట్ల వద్ద నొక్కి మరియొకసారి మీటుడి. వేలు పెట్టనప్పుడు మాత్రమే మూగగా ఉంటే దోషము నట్ గాడిలో ఉన్నది, దానిని శుభ్రము చేయుడి. ఒక్క ఫ్రెట్ వద్దనే అయితే ఆ ఫ్రెట్ అరిగియుండవచ్చును, లేదా అది ఆ గిటారు మెడ స్వభావము. అనేక బేస్ గిటార్లలో జి తీగపై 5 నుండి 7వ ఫ్రెట్ మధ్య అట్టి చోటు ఉండును. తీగ మార్చినను అది పోదు.

3. అన్నిచోట్ల మూగగా ఉంటే బ్రిడ్జి చూడుడి. తీగ దానిమీద గుండ్రముగా ఒరిగియుండక, స్పష్టముగా వంగవలెను. బ్రిడ్జికి ఇవతల తీగను బొటనవ్రేలితో మెల్లగా క్రిందికి నొక్కుడి.

4. తీగ బిగించినప్పుడు మెలిపడినదేమో చూడుడి. దానిని వదులుచేసి, కీ నుండి తీసి, కొనను దానంతట అది తిరుగనిచ్చి మరల బిగించుడి. ఖర్చు లేని ఈ పనితో కొన్ని తీగలు మరల పలుకును.

5. అప్పటికిని పలుకనియెడల తీగ మార్చవలెను. పాతవాటి మధ్య ఒక్క కొత్త తీగ మిక్కిలి బిగ్గరగా వినబడును గనుక సెట్టు మార్చుట మంచిది. పాతవాటిలో బాగున్నవి దాచియుంచుడి.

కొత్త తీగ వేయునప్పుడు

కీ చుట్టు రెండు మూడు చుట్లకు సరిపడు పొడవు ఉంచి, పట్టకారుతో ముందుగా వంచి, వంపునకు ఆవల కత్తిరించుడి. వంచక కత్తిరించినయెడల కొన్ని తీగలపై చుట్టు వదులై జారును. అప్పుడు కొత్త తీగయే మూగబోవును. చుట్లు పైనుండి క్రిందికి రావలెను.

పాత తీగలను నీళ్లలో మరిగించువారున్నారు. మురికి వదలి కొద్దికాలము పలుకును గాని, తడి పూర్తిగా ఆరనియెడల తుప్పు పట్టును.

మరియొక మాట. నాలుగు తీగలును సమముగా మెత్తగా పలికినయెడల అది దోషము కాదు. 1960లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో పేరుపొందిన బేస్ వాద్యకారుడు జేమ్స్ జామర్సన్ పాతబడిన తీగలతోనే వాయించెను.

ఆత్మీయ పాఠము

ఒక్క తీగ పలుకలేదని గిటారు పారవేయము. తప్పు ఎక్కడున్నదో ఓర్పుతో వెదకుదుము. వాయించు పిల్లవానియెడల కూడ ఆలాగే చేయుదుము. నలుగురిలో గద్దింపబడినవాడు వచ్చే ఆదివారము వెనుక బల్లమీద కూర్చుండును, ఆ తరువాత రాకుండ పోవచ్చును. తీగ దుకాణములో దొరకును, పిల్లవాడు దొరకడు. యెషయా 42:3 చదివి, మీ సంఘములో ఈ మధ్య మౌనముగా ఉన్నవారు ఎవరో ఆలోచించి ప్రార్థించుడి.

ప్రభువు మీ పరిచర్యను దీవించును గాక. ఆమేన్.