లాప్‌టాప్ కొనే ముందు వాట్లు అడగండి
తేలికదా, శక్తిమంతమైనదా? కృష్ణా డెల్టా ఇళ్లకు చేయవలసినవి - చేయకూడనివి

ఇంజినీరింగ్ సీట్లు ఖాయమయ్యే రోజుల్లో విజయవాడ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఒకటే చర్చ. భుజాన వేసుకుని తిరిగే తేలిక లాప్‌టాప్ కొనాలా, లేక గేమింగ్ లాప్‌టాప్ అని పిలిచే శక్తిమంతమైనది కొనాలా? షాపులో ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు గురించి చెబుతారు. ఇంట్లో ధర చూస్తారు. అది ఏ గదిలో, ఏ ప్లగ్ మీద, ఏ ఎండలో పనిచేయబోతోందో అడిగేవాళ్లు తక్కువ. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండ, సాయంత్రానికి ఉరుములు, తీరంలో ఉప్పుగాలి, వానాకాలంలో వరద. ఇలాంటి చోట ఈ ఎంపిక పిల్లల భద్రతకు సంబంధించిన విషయం కూడా.

రెండు రకాలకూ ఉన్న అసలు తేడా వాట్లలో కనిపిస్తుంది. తేలిక లాప్‌టాప్ కిలోంబావు నుంచి కిలోన్నర దాకా తూగుతుంది. దాని చార్జర్ 45 నుంచి 65 వాట్లు. శక్తిమంతమైనది రెండున్నర కిలోల దరిదాపుల్లో ఉంటుంది. దాని చార్జర్ 180 నుంచి 330 వాట్ల దాకా పోతుంది, ఇటుకలాంటి ఆ చార్జరే అరకిలో పైన ఉంటుంది. లాప్‌టాప్ తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. 200 వాట్లతో పనిచేసే యంత్రం అంటే ఒకప్పటి వంద వాట్ల ఫిలమెంటు బల్బులు రెండింటిని ఒక పలక కింద వెలిగించి పెట్టినట్టే.

అందుకే ముందుగా ఒక్క మాట. కదలని బల్ల, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్, గాలి ఆడే గది, ఈ మూడూ ఉంటేనే శక్తిమంతమైన లాప్‌టాప్ గురించి ఆలోచించండి. లేకపోతే తేలికదే మేలు.

కొనే ముందు

చేయవలసినవి:
• పని ఏమిటో ముందు తేల్చుకోండి. సీ, పైథాన్, జావా నేర్చుకునే మొదటి, రెండో సంవత్సరం విద్యార్థికి, ట్యాలీలో లెక్కలు రాసేవారికి, ఆన్‌లైన్ క్లాసులకు 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న తేలిక లాప్‌టాప్ నిండుగా సరిపోతుంది.
• విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి చోట్ల త్రీడీ నమూనాలు గీసేవారికి, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో వాళ్లకు, గేములు తయారుచేయడం నేర్చుకునేవారికి విడి గ్రాఫిక్స్ కార్డు నిజంగా అవసరం. అవసరం ఉన్నవారు కొనాల్సిందే, కానీ దానికి తగిన చోటు కూడా సిద్ధం చేసుకోవాలి.
• షాపులో చార్జర్‌ను చేతిలోకి తీసుకుని దాని మీది చిన్న అక్షరాలు చదవండి. ‘అవుట్‌పుట్’ అన్న చోట వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. రెండూ గుణిస్తే వాట్లు. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అంటే 65 వాట్లు. 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అంటే 230 వాట్లు.
• అదే లేబుల్ మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి. 2012 నాటి ఉత్తర్వుతో లాప్‌టాప్‌లు, అడాప్టర్లకు మన దేశంలో ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి అక్కడే సరిచూసుకోవచ్చు.

చేయకూడనివి:
• ‘నాలుగేళ్ల తర్వాత పనికొస్తుంది’ అన్న ఒక్క మాట మీద శక్తిమంతమైనది కొనవద్దు. ఆ నాలుగేళ్లూ దాన్ని మోసేదీ, దాని వేడి భరించేదీ విద్యార్థే.
• పోయిన చార్జర్ స్థానంలో చవక నకిలీ కొనవద్దు. తక్కువ వాట్ల చార్జర్‌తో శక్తిమంతమైన లాప్‌టాప్‌ను నడిపించవద్దు.
• సెకండ్ హ్యాండ్‌ది కొంటుంటే కింది మూత, బ్యాటరీ చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

ప్లగ్ దగ్గర

చార్జర్ పెట్టి ఉన్నప్పుడు లోహపు బాడీ మీద మణికట్టు ఆనిస్తే జివ్వుమనడం చాలామందికి అనుభవమే. కొన్ని తేలిక లాప్‌టాప్‌లకు రెండు పిన్నుల చార్జర్ వస్తుంది, వాటిలో కొద్దిపాటి జివ్వు సహజం. కానీ మూడు పిన్నుల చార్జర్‌తోనూ అలా అనిపిస్తే గోడలోని ఎర్త్ పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. చార్జర్‌లోని ఫిల్టరు నుంచి వచ్చే అతి చిన్న కరెంటు ఎర్త్ తీగ గుండా నేలలోకి పోవాలి. దారి లేక అది మన ఒంటి మీదుగా పోతోంది. ఆ కరెంటు చిన్నదే. కానీ రేపు చార్జర్ చెడిపోయి లోపలి ఫేజు బాడీకి తగిలితే మనల్ని కాపాడాల్సిన తీగ అక్కడ లేదన్న సంగతి అది ముందే చెబుతోంది.

చేయవలసినవి:
• ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరుతో ఎర్త్ పరీక్ష చేయించండి. పాత ఇళ్లలో ఎర్త్ గుంట వేసవిలో ఎండిపోతుంది. నీళ్లు పోసి తడిగా ఉంచండి.
• మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు ఒంటి మీదుగా పారడం మొదలైన క్షణంలోనే సరఫరా ఆపేది అదే.
• ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో లెక్క చూసుకోండి. 65 వాట్ల లాప్‌టాప్ ఒక సీలింగ్ ఫ్యానుతో సమానం. 230 వాట్లది మూడు ఫ్యాన్లతో సమానం. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద చార్జర్ ఎక్కువ వేడెక్కవచ్చు. ప్యూర్ సైన్ వేవ్ రకం మంచిది.

చేయకూడనివి:
• మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టవద్దు. ఎర్త్ లేని కన్వర్టర్ వాడవద్దు.
• హాస్టల్ గదిలో ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇంకో బాక్సు తగిలించవద్దు. 6 ఆంపియర్ల బాక్సు భరించేది 1,380 వాట్లే. 1,500 వాట్ల కెటిల్ ఒక్కటే ఆ హద్దు దాటిపోతుంది. దాని పక్కనే రెండు గేమింగ్ చార్జర్లు పెడితే తీగ పైతొడుగు మెత్తబడి కరిగిపోవచ్చు.
• చార్జర్‌ను దిండు కింద, దుప్పటి మీద, కిటికీ కర్టెన్‌కు ఆనించి ఉంచవద్దు.

వేడిమి దగ్గర

చాలా లాప్‌టాప్‌లు 35 డిగ్రీల లోపు గదిలో వాడేందుకు తయారైనవి. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని మేడమీద గదిలో ఆ హద్దు దాటిపోతాం. తేలిక లాప్‌టాప్ వేగం తగ్గించుకుని నెట్టుకొస్తుంది. శక్తిమంతమైన దాని ఫ్యాన్లు హోరుమంటూ అదే వేడిగాలిని లోపలికి లాగుతాయి. చిప్ వంద డిగ్రీల దరిదాపులకు చేరగానే అది కూడా వేగం తగ్గించుకుంటుంది. అంటే అదనంగా పోసిన డబ్బుకు తగ్గ వేగం ఆ గదిలో రానే రాదు.

వేడి ఒంటికీ మంచిది కాదు. స్విట్జర్లాండ్‌లో పన్నెండేళ్ల అబ్బాయి నెలల తరబడి రోజూ కొన్ని గంటలు లాప్‌టాప్‌ను తొడల మీద పెట్టుకుని గేములు ఆడితే, ఎడమ తొడ చర్మం మీద వలలాంటి మచ్చలు పడ్డాయి. ఆ వివరాలను డాక్టర్లు 2010లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో ప్రచురించారు. మంట పుట్టనంత వేడి కూడా అదేపనిగా తగిలితే చర్మాన్ని మార్చేస్తుంది.

చేయవలసినవి:
• గట్టి, చదునైన బల్ల మీద పెట్టండి. వెనకవైపు కొంచెం ఎత్తు లేపితే కింద గాలి ఆడుతుంది.
• త్రీడీ రెండరింగ్, పెద్ద వీడియోల ఎగుమతి లాంటి బరువు పనులు తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయాకో పెట్టుకోండి.
• ఆరు నెలలకోసారి ఫ్యాన్లలో దుమ్ము తీయించండి. గాలి రంధ్రాల్లో చీమలు, చిన్న బొద్దింకలు చేరడం మన ఇళ్లలో మామూలే.
• మచిలీపట్నం, నాగాయలంక, కోడూరు లాంటి తీరప్రాంతాల్లో వాడనప్పుడు లాప్‌టాప్‌ను బ్యాగులో ఉంచండి. ఉప్పుగాలికి పోర్టుల్లోని లోహం చిలుము పడుతుంది.

చేయకూడనివి:
• ఒళ్లో, పరుపు మీద, సోఫాలో పెట్టుకుని గంటల తరబడి వాడవద్దు. తేలిక లాప్‌టాప్‌కు కూడా ఇదే మాట వర్తిస్తుంది.
• ఎండలో నిలిపిన కారులో, స్కూటరు డిక్కీలో లాప్‌టాప్ వదిలి వెళ్లవద్దు.

బ్యాటరీ విషయంలో

లిథియం అయాన్ బ్యాటరీ పాడవుతున్నప్పుడు లోపల వాయువు పుట్టి పర్సులాంటి సెల్ ఉబ్బుతుంది. దాన్ని కనిపెట్టడం కష్టం కాదు. లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి కళ్ల ఎత్తులో పక్క నుంచి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి తేలడం, దాన్ని నొక్కితే క్లిక్ రాకపోవడం, మూత వేస్తే ముందువైపు సందు కనిపించడం, నాలుగు కాళ్లూ బల్లకు ఆనకుండా ఊగడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే వాడకం ఆపాలి. ఎప్పుడూ ప్లగ్‌కే అతుక్కుని, వేడిలోనే మగ్గే శక్తిమంతమైన లాప్‌టాప్‌లకు ఈ బెడద ఎక్కువ.

చేయవలసినవి:
• ఎక్కువసేపు ప్లగ్ మీదే వాడేవారు సెట్టింగ్స్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి.
• మీ మోడల్ బ్యాటరీని కంపెనీ వెనక్కి పిలిచిందేమో చూడండి. పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2006లో డెల్ 41 లక్షల బ్యాటరీలను, 2019లో ఆపిల్ కొన్ని 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల బ్యాటరీలను వెనక్కి పిలిచాయి.
• పాత బ్యాటరీని సర్వీస్ సెంటర్‌కు గానీ, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి గానీ ఇవ్వండి.

చేయకూడనివి:
• ఉబ్బిన బ్యాటరీని నొక్కవద్దు, సూదితో గుచ్చవద్దు, మళ్లీ చార్జింగ్ పెట్టవద్దు, చెత్తబండిలో వేయవద్దు.
• చార్జింగ్ పెట్టిన లాప్‌టాప్‌ను మంచం మీద ఉంచి నిద్రపోవద్దు.

ఉరుములు, వరద వచ్చినప్పుడు

ఇక్కడ తేలిక లాప్‌టాప్ మేలు స్పష్టంగా కనిపిస్తుంది. ఉరుము వినగానే ప్లగ్ తీసేసినా దాని బ్యాటరీ పూటంతా నడుస్తుంది. శక్తిమంతమైనది బరువు పనిలో ఉంటే గంటో రెండు గంటలో నడిచి ఆగుతుంది. దాంతో ‘ఇంకాసేపే కదా’ అని ప్లగ్ తీయకుండా ఉండిపోతారు. ప్రమాదం ఆ కాసేపట్లోనే ఉంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగినప్పుడు కింది అంతస్తుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి వేళ సర్టిఫికెట్లతో పాటు ఒకే సంచిలో పట్టే యంత్రమే మనతో వస్తుంది. పైగా దాని నుంచి ఫోనుకు చార్జింగ్ కూడా ఎక్కించుకోవచ్చు.

చేయవలసినవి:
• పిడుగుల గురించి హెచ్చరించే ‘దామిని’ యాప్ పెట్టుకోండి. విపత్తుల నిర్వహణ సంస్థ పంపే పిడుగు హెచ్చరికల సందేశాలు చదవండి.
• చార్జర్‌తో పాటు రూటర్ ప్లగ్గు, ల్యాన్ కేబులు కూడా తీసేయండి.
• వానాకాలం అంతా ఎక్స్‌టెన్షన్ బాక్సులను నేల మీద కాకుండా బల్ల ఎత్తులో బిగించండి.
• చదువు, పని ఫైళ్ల నకలు ఇంకోచోట ఉంచండి.

చేయకూడనివి:
• సర్జ్ ప్రొటెక్టర్ ఉంది కదా అని పిడుగులప్పుడు ప్లగ్‌లోనే ఉంచవద్దు. నేరుగా పడే పిడుగును అది ఆపలేదు.
• నీళ్లలో నిలబడి ప్లగ్ పీకవద్దు. ముందు మెయిన్ ఆపాలి, అదీ పొడి చోటి నుంచి చేయి అందితేనే.
• వరద నీట తడిసిన లాప్‌టాప్‌ను ‘పనిచేస్తుందేమో’ అని ఆన్ చేయవద్దు, బియ్యంలో పెట్టి ఆరబెట్టవద్దు. మంచానికి దూరంగా ఆరుబయట నీడలో ఉంచి, మెకానిక్‌తో బ్యాటరీ తీయించండి.

ప్రయాణంలో

చేయవలసినవి:
• బ్యాగులో పెట్టే ముందు షట్‌డౌన్ చేయండి. స్లీప్‌లో ఉన్న లాప్‌టాప్ తనంతట తాను మేలుకుని మూసిన బ్యాగులో వేడెక్కిపోగలదు.
• గన్నవరంలో విమానం ఎక్కేవారు లాప్‌టాప్‌ను, పవర్ బ్యాంకును చేతి సామానులోనే ఉంచండి. 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీకి విడిగా అనుమతి అక్కర్లేదు. శక్తిమంతమైనవి ఆ హద్దు దగ్గరగా ఉంటాయి కాబట్టి లేబుల్ చూసుకోండి.

చేయకూడనివి:
• బరువైన లాప్‌టాప్ బ్యాగును స్కూటరు హ్యాండిల్‌కు తగిలించవద్దు. మలుపులో హ్యాండిల్ మాట వినదు.
• వడ్డేశ్వరానికో, కానూరుకో రోజూ బస్సులో నిలబడి వెళ్లే విద్యార్థి భుజాన చార్జర్‌తో కలిపి మూడు కిలోలు మోపవద్దు.

ప్రమాదం జరిగితే

• పొగ, తీపి వాసన, బుసలాంటి చప్పుడు వస్తే గోడ స్విచ్ ఆపి గది వదిలి బయటికి రండి. ఆ పొగ విషపూరితం, పీల్చవద్దు.
• కరెంటు పూర్తిగా ఆపాక, మంట చిన్నదై, మీ వెనక బయటికి దారి ఉంటేనే దూరం నుంచి నీళ్లు ధారాళంగా పోయండి. బ్యాటరీ చల్లబడాలి, లేకపోతే ఆరిన మంట మళ్లీ లేస్తుంది.
• షాక్ కొట్టినవారిని చేత్తో పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి.
• అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108, విద్యుత్తు ఫిర్యాదులకు 1912, ఏ ఆపదకైనా 112.

రెండూ మంచి యంత్రాలే. శక్తిమంతమైనది అవసరమైన విద్యార్థికి అది కొనివ్వండి, దాంతో పాటే బల్ల, ఎర్త్, గాలి కూడా ఏర్పాటు చేయండి. అవసరం లేని విద్యార్థికి తేలికది కొనండి. రెండింటి ధరల మధ్య తేడా చాలాసార్లు పదివేలల్లో ఉంటుంది. ఆ మిగిలిన డబ్బులోంచి కొంత తీసి ఇంటికి ఎర్త్ సరిచేయించి, ఆర్‌సీసీబీ పెట్టించండి. అది లాప్‌టాప్ వాడేవారితో పాటు ఆ ఇంట్లో తడిచేత్తో స్విచ్ వేసే ప్రతి ఒక్కరినీ కాపాడుతుంది.