ఉప్పెనకు ముందు

సముద్రము మనకు చేపలను, ఉప్పును, వానమబ్బులను ఇచ్చుచున్నది. తీరవాసులు దానిని గంగమ్మతల్లి యని కొలుతురు. అయినను వేసవి చివరను, మరల ఆశ్వయుజము మొదలు మార్గశిరము వరకును బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టి, వానిలో కొన్ని తుఫానులుగా మారి తీరముపై బడుచుండును. తుఫానును ఆపు శక్తి మానవునకు లేదు. అది తెచ్చు మరణములను మాత్రము చాలవరకు ఆపవచ్చును. ఈ సత్యమును మనకు మిక్కిలి కఠినముగా నేర్పినది దివిసీమ.

కృష్ణానది పులిగడ్డ యొద్ద రెండు పాయలుగా చీలి సముద్రమున గలియును. ఆ పాయల నడుమ నున్న పల్లపునేలయే దివిసీమ. 1977 నవంబరు 19వ తేది శనివారమున నొక ఘోరమైన తుఫాను చీరాల ప్రాంతమున తీరము దాటెను. కాని ఎక్కువ నాశనము జరిగినది దివిసీమలో. దీనికి కారణమేమి?

మన అర్ధగోళమున తుఫాను గాలి గడియారపు ముండ్లకు ఎదురుదిశలో సుడి తిరుగును. అందుచే తుఫాను నడచు త్రోవకు కుడివైపున నున్న తీరమున గాలి సముద్రము నుండి నేలమీదికి వీచును. దివిసీమ ఆ కుడివైపుననే యుండెను. గాలి సముద్రజలమును తీరమువైపు నెట్టెను. తీరమున లోతు తక్కువ యగుటచే ఆ నీరు మరలిపోవ దారిలేక పైకి లేచి నేలమీదికి పొరలెను. దీనినే ఉప్పెన యందురు. అది సుమారు 5 మీటర్ల ఎత్తున, అనగా మూడు నిలువుల ఎత్తున లేచి, పది కిలోమీటర్ల లోపలి వరకు వచ్చెను. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప మున్నగు ఊళ్ళను ముంచివేసెను. ప్రభుత్వపు లెక్కలనుబట్టియే దాదాపు 10,000 మంది మరణించిరి. చెట్లకొమ్మలను పట్టుకొని రాత్రియంతయు వ్రేలాడి బ్రతికినవారు తెల్లవారి చూచుకొనగా తమవారు లేరు.

ఆనాడు పేదల గుడిసెలలో రేడియో లేదు. టెలిఫోను లేదు. పరుగెత్తి యెక్కుటకు ఎత్తయిన మేడ లేదు. గాలివానల నెరిగిన పెద్దలకు సయితము ఇంతటి ఉప్పెన అనుభవములో లేదు.

ఆ తరువాత తీరగ్రామములలో తుఫాను రక్షణ భవనములు కట్టబడినవి. ఉపగ్రహముల చిత్రములు వాతావరణ శాఖకు మునుపటికంటె ఎక్కువగా అందుబాటులోనికి వచ్చినవి. 1990 మే 9వ తేదిని అంతటి బలముగల మరియొక తుఫాను కృష్ణా ముఖద్వారము దాపుననే తీరము దాటెను. ఈ పర్యాయము ముందుగా హెచ్చరించి, లక్షకు మించిన జనులను పల్లపు ఊళ్ళనుండి తరలించిరి. మరణించినవారు వేయికి లోపు. అదియు చిన్న దుఃఖము కాదు. అయినను పదివేలకును వేయికిని గల ఈ భేదము, మనుష్యులు ముందుగా కదలుటచేతనే కలిగినది.

నేడు ఈ జాగ్రత్త మరింత అవసరము. బొగ్గు, పెట్రోలు మొదలగువాని పొగచే భూమి వేడెక్కుచున్నది. వెచ్చని సముద్రజలమే తుఫానునకు ఆహారము. ప్రపంచమున సముద్రమట్టము 1901 మొదలు 2018 వరకు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగెనని శాస్త్రజ్ఞులు తేల్చిరి. మట్టము పెరిగినకొలది ఉప్పెన మరింత లోపలికి రాగలదు.

కావున గ్రామస్థులు చేయవలసిన పనులు కొన్ని కలవు. మొదటిది మడ అడవుల రక్షణ. కాకినాడ చెంత కోరంగిలోను, కృష్ణా ముఖద్వారమునను పెరుగు ఈ చెట్లు తమ వేళ్ళ అల్లికచే కెరటముల వేగమును తగ్గించును. వంటచెరకు కొరకు వానిని నరకుట మన కోటగోడను మనమే పడగొట్టుట వంటిది.

రెండవది మురుగుకాలువల శుభ్రత. తుఫాను వెంట కుంభవృష్టి కురియును. ఆ నీరు డ్రెయిన్ల ద్వారా సముద్రమునకు పోవలెను. గుర్రపుడెక్కయు, మనము పారవేసిన ప్లాస్టిక్ సంచులును అడ్డుపడినచో నీరు నిలిచి, పైరు కుళ్ళి, కలరా వంటి వ్యాధులు ప్రబలును. తడిచెత్తను ఎరువుగుంటలో వేయుట, పొడిచెత్తను వేరుచేసి పారిశుద్ధ్య కార్మికుల కిచ్చుట చిన్న పనులుగా దోచును. కాని వానరాత్రి ఊరు మునుగుటయు మునుగకుండుటయు కొంతవరకు వీనిపై ఆధారపడియుండును.

మూడవది హెచ్చరికను గ్రహించుట. రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలలో 8, 9, 10 సంఖ్యలు మహాప్రమాదమును తెలుపును. 11వ సంఖ్యకు వాతావరణ కేంద్రముతో వార్తా సంబంధములు తెగిపోయినవని యర్థము. తుఫాను కన్ను ఊరిమీదికి వచ్చినపుడు గాలి హఠాత్తుగా నిలిచిపోవును. గండము గడచెనని బయటికి పోరాదు. కొంతసేపటికి గాలి ఎదురుదిక్కు నుండి మరల విజృంభించును.

తరలిపొమ్మని చెప్పినను కొందరు వృద్ధులు కదలరు. పశువులను విడిచి, తలుపు తెరచి, పుట్టిన ఇల్లు వదలుట వారికి కష్టము. వారిని కసరరాదు. పశువుల పలుపులు విప్పి మెరకకు తోలుట, పట్టాలను, పుస్తకములను తడవని సంచిలో కట్టుట, ఏ వీధిలో నడువలేనివారు ఎవరున్నారో ముందే వ్రాసియుంచుట — ఈ ఏర్పాట్లు ఎండకాచు దినములలోనే జరిగినచో వారి భయము సగము తీరును.

విద్యార్థులారా! చదువు వచ్చిన మీరు హెచ్చరికను చదువురాని అవ్వకు చదివి వినిపింపుడు. ఆమె చేయిపట్టి రక్షణ భవనమునకు నడిపింపుడు. కూలిన ఇంటిని మరల కట్టుకొనవచ్చును; పోయిన ప్రాణమును తేలేము.

ప్రశ్నలు

1. చీరాల ప్రాంతమున తుఫాను తీరము దాటినను దివిసీమకు ఎక్కువ నష్టము ఏల కలిగెను?
2. 1977, 1990 తుఫానులలో మరణముల సంఖ్యలోని భేదమునకు కారణములు వ్రాయుడు.
3. మీ ఊరి మురుగునీరు ఏ దారిని ఎక్కడికి పోవుచున్నదో పరిశీలించి పటము గీయుడు.