మనవాడే కదా అనొద్దు

ప్రశ్న: సౌదీలోని అల్ ఖర్జ్‌లో శుక్రవారాలు మన పిల్లలకు తెలుగు నేర్పుతున్నాం. ఒక వలంటీరు ప్రతిసారీ ఒకే పాపను ఒంటరిగా కారులో దింపుతున్నాడు. అడిగితే పెద్దలు ‘మనవాడే కదా’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీరు అడగడమే సరైన పనమ్మా. పాప తల్లికి ఇవాళే చెప్పండి. ఏ పెద్దా పిల్లలతో ఒంటరిగా ఉండకూడదన్న నియమం అందరికీ పెట్టండి. అప్పుడు ఒక్కరినే వేలెత్తి చూపినట్టు ఉండదు. పాపను గుచ్చిగుచ్చి అడగొద్దు. తనంతట తాను చెబితే నమ్మండి, ఆ మాటల్లోనే రాసిపెట్టండి.

సౌదీ బాలల రక్షణ చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే. వారిపై హింస జరిగిందని తెలిస్తే వెంటనే అధికారులకు చెప్పి తీరాలి. అందుకు సంఘం పెద్దల అనుమతి అక్కర్లేదు. పరువు పేరుతో లోలోపల పంచాయితీ పెట్టి సర్దేస్తే నష్టపోయేది పాపే. సౌదీలో పిల్లల సహాయవాణి నంబరు 116111.