సంతకోడిని మందలో కలుపుటకు ముందు

ప్రశ్న: మా పెరటిలో పది నాటుకోళ్లున్నవి. సంతలో కొన్న రెండు పెట్టలను వెంటనే వానితో కలుపవచ్చునా?

జవాబు: కలుపరాదు. సంతయందు నానాగ్రామముల కోళ్లు ఒకే గంపక్రింద గడపుటచేత, పైకి నిగనిగలాడు పెట్ట సైతము కొక్కెర తెగులును లోపల మోసికొని వచ్చి, 2 మొదలు 15 దినముల వఱకు ఏ లక్షణమును చూపక, అటుపిమ్మట పచ్చని విరేచనములతో, మెడ మెలితిరిగి కూలుట కలదు. అప్పటికి టీకాలేని మీ మంద యావత్తు దాని వాతబడియుండును. అంతకంటె మోసకరమైనది దీర్ఘకాలిక శ్వాసవ్యాధి: దానినుండి కోలుకొన్నట్లు కనబడు కోడి చిరకాలము ఆ క్రిమిని వహించుచు, ప్రయాణమువలననో, గ్రుడ్లకు వచ్చుటవలననో అలసినప్పుడు తోడి కోళ్లకు పంచిపెట్టును. కావున 30 దినములు దూరముగా వేఱు గూటియందు, వేఱు నీటిమూకుడుతో ఉంచి, పాతకోళ్లకు మేత వేసిన పిదపనే క్రొత్తవాని యొద్దకు పొండు. ఈ వరుస తప్పినచో వేఱు గూడు వ్యర్థమే. చెప్పులకంటిన రెట్టయు తెగులును మోయును గదా! రెక్కలక్రింద పేలు వెదకుడు. రెట్టలో నెత్తురు కనబడిన పశువైద్యునకు చూపుడు. 8 వారములు దాటిన ఆరోగ్యవంతములగు కోళ్లకు, పాతవానికిని, కొక్కెర టీకా ముందే వేయింపుడు. చచ్చిన కోడిని చెఱువున పారవేయక, సున్నము చల్లి లోతుగా పాతిపెట్టుడు.